అలిగి వచ్చాననుకున్న మామ్మగారు

నలభై ఏడేళ్ళ వయసులో నాకు సైకిలు మీద దూరాలు వెళ్ళే సరదా పట్టుకుంది. బడి, వంట, పిల్లల చదువులు అన్నీ పక్కనపెట్టి నాతో నేనుండేది ఆ నాలుగు గంటలే.

కిందటేడు ఓ రెండో శనివారం ఆత్రేయపురం దాకా తొక్కి వస్తూ, కొత్తపేట దాటాక ఓ ఇంటి అరుగు మీద కూలబడ్డాను. చెమటకి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. ధాన్యం ఆరబోస్తున్న ఆ ఇంటి మామ్మగారు చూశారు.

"ఎక్కణ్ణించమ్మా?"

"అమలాపురం నుంచండి."

"ఒక్కదానివే! సైకిలు మీద!"

నేను చెప్పేది వినకుండా లోపలికెళ్ళి అన్నం, చేపల పులుసు తెచ్చిపెట్టారు. తింటుంటే మా ఆయన ఫోను. ఎంగిలి చెయ్యి కదా అని స్పీకరు నొక్కాను. నేను మాట్లాడేలోగా మామ్మగారే మాట అందుకున్నారు.

"ఏం బాబూ, ఇంత ఎండలో ఆడపిల్ల ఇల్లొదిలి వచ్చేసేలా ఏమన్నారండీ?"

సిగ్గుతో కంచంలోకి తల దించేసుకున్నాను. అటునుంచి, "తప్పయిపోయిందండీ" అని వినిపించింది. ఏదో అనే ఉంటానని మా ఆయన అనుకున్నారు కాబోలు, పాపం!

బయల్దేరుతుంటే మామ్మగారు నా భుజం నిమిరారు. "మళ్ళీ అలిగితే ఇక్కడికే రా అమ్మా. ఇంకెక్కడికీ వెళ్ళకు."

సరదాకి తొక్కుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. అలిగితే వెళ్ళడానికి ఓ ఇల్లుందని తెలిశాక, ఎందుకో అలగాలనే అనిపించడం లేదు.