గడియారం మేడం సర్క్యులర్, చెత్తపెట్టె

ఆ రోజుల్లో ఉత్తరమంటే కాగితం. కాగితం ఆఫీసుకి చేరిందంటే దానికో నంబరు పడేది, నంబరు పడ్డాక దాన్ని పారేసే అధికారం మా ఆఫీసులో ఎవరికీ ఉండేది కాదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. గుంటూరు పక్కన ఒక విశ్వవిద్యాలయంలో, పాలనా విభాగంలో సూపరింటెండెంటుగా ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకు ఈమెయిల్ వచ్చింది. అప్పటికి నాకు యాభై నిండాయి గానీ, ఆ విద్యలో మాత్రం పలకా బలపం పట్టుకున్న వయసే. కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చదువుకోండి.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదానిలో నవ్వు మీకు అందదు. నన్ను వెనకాల 'గడియారం మేడం' అనేవాళ్ళు. (వెనకాలే అనేవాళ్ళు, కానీ మా గదికి తలుపు ఉండేది కాదు.) ఏ దరఖాస్తుకైనా గడువు సాయంత్రం ఐదంటే ఐదే. ఐదు కొట్టగానే జాబితాలో ఆఖరి పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి, సంతకం పెట్టి, తేదీ వేసేదాన్ని. ఆ గీత కింద ఒక్క పేరు కూడా ఎక్కలేదు. ఒకసారి మా ఆడపడుచు కూతురి దరఖాస్తు ఐదు దాటాక వస్తే తిప్పి పంపాను. ఆవిడ ఆ పిల్ల పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు. శుభలేఖ మాత్రం పెళ్ళయిన మర్నాడు అందేలా పోస్టు చేసింది. అందులో నాకు తప్పేం కనిపించలేదు, తేదీ సరిగ్గానే వేసింది.

అలాంటి నా చేతికి ఈమెయిల్ వచ్చింది. వచ్చిన ప్రతి మెయిలునీ అచ్చు తీయించి, నంబరు వేసి, ఫైల్లో కట్టి, ఉత్తర్వుల కోసం పైకి పంపేదాన్ని. ఎక్కడో ఆఫ్రికాలో చనిపోయిన ఒక సైన్యాధికారి భార్య, తన భర్త దాచిన సొమ్ము మన ఖాతాలో వేస్తానని రాసింది. నేను దానికి నంబరు వేసి, 'నిబంధనలు పరిశీలించి తగు ఉత్తర్వులు కోరడమైనది' అని రాసి రిజిస్ట్రార్ గారికి పంపాను. ఆయన దాని మీద ఆకుపచ్చ సిరాతో 'చర్చించండి' అని రాశారు. ఫైలు ఫైనాన్సు విభాగానికి వెళ్ళింది. వాళ్ళు 'ఈ పద్దుకి మన దగ్గర శీర్షిక లేదు' అని తిప్పి పంపారు. ఇలా నెల తిరిగేసరికి ఆ వితంతువుతో పాటు లాటరీల వాళ్ళు, బరువు తగ్గించే మాత్రల వాళ్ళు, ఇంట్లో కూర్చోబెట్టి డిగ్రీ ఇస్తామనే వాళ్ళు (విశ్వవిద్యాలయానికే!) కలిసి ఒక బీరువా నింపారు.

అప్పుడు రంగంలోకి దిగినవారు మా సర్వర్ గారు. కంప్యూటర్ సెంటరు ఇన్‌చార్జి ఆయన. భారీ మనిషి, నిదానం మనిషి. ఎవరు ఏం అడిగినా 'సర్వర్ డౌనండీ' అనేవారు, అందుకే ఆ పేరు. ఆయన చెత్త మెయిళ్ళని ఏరి పక్కన పెట్టే జల్లెడలాంటి ప్రోగ్రాము ఒకటి తెచ్చి పెట్టారు. అందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి, "ఇది పుట్టుకతో ఏమీ తెలియని పిల్ల లాంటిదండీ. మనమే నేర్పాలి. మీకు అక్కర్లేని మెయిలు వస్తే, ఇదిగో, 'చెత్త' అని ఈ బటన్ నొక్కండి. అలా నొక్కగా నొక్కగా ఏది చెత్తో దానికే తెలుస్తుంది. ఒకరు నేర్పింది అందరికీ పనికొస్తుంది" అని చెప్పారు. ప్రొఫెసర్లంతా చాలా శ్రద్ధగా విన్నారు. వాళ్ళు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ఏడాది గడిచింది. రెండో బీరువా అవసరం పడలేదు. ఎండలు ముదిరే వేళకి ఒక పెద్ద ఉత్తర్వు వచ్చింది. ఏళ్ళ తరబడి తాత్కాలికంగా పనిచేస్తున్న లెక్చరర్లని ఖాయం చేస్తారట, అర్హులు సర్టిఫికెట్లు ఇవ్వాలట. సర్క్యులర్ నేనే తయారుచేశాను. 'అత్యవసరం! ఇదే ఆఖరి అవకాశం! తక్షణమే స్పందించండి! స్పందించనివారు తమ హక్కును శాశ్వతంగా కోల్పోవుదురు!' అని మొదలవుతుంది. (నా సర్క్యులర్లన్నీ అలాగే మొదలయ్యేవి. హాజరుపట్టీ గురించైనా, మంచినీళ్ళ కుండల గురించైనా.) నోటీసు బోర్డు మీద అంటించాం. ఊరి బయట పొలాల్లో పరిశోధన చేసే లెక్చరర్లకి ఈమెయిల్లో కూడా పంపాం. గడువు రోజున ఐదు కొట్టింది, ఎర్ర గీత గీశాను. ఆ జాబితా మర్నాడు సాయంత్రం రిజిస్ట్రార్ గారి కారులో హైదరాబాదు వెళ్ళాలి.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మిరప మేడం వచ్చింది. మిరపలో ఆకుముడత మీద పరిశోధన చేసే అమ్మాయి. ఎప్పుడు చూసినా ప్రత్తిపాడు చేలల్లో ఆకులు తిరగేసి పురుగులు లెక్కపెడుతూ ఉండేది, వారానికోసారి బ్రాడీపేటలో నెట్ సెంటరుకి వచ్చి మెయిల్ చూసుకునేది. తాత్కాలిక లెక్చరర్లలో ఆమెదే అందరికంటే ఎక్కువ సర్వీసు. జాబితాలో ఆమె పేరు లేకపోవడం నాకు ముందురోజే వింతగా అనిపించింది. ఆమె వచ్చింది మాత్రం ప్రయాణ బిల్లు గురించి.

"ఏమ్మా, ఖాయం చేస్తామంటే అక్కర్లేదా నీకు? ఇష్టం లేకపోతే లేదని ఒక ముక్క రాసి పడెయ్యొచ్చుగా" అన్నాను.

"ఏం ఖాయం మేడం?"

"మెయిల్ చూసుకోవా?"

"మొన్న ఆదివారం కూడా చూశాను మేడం. ఏం రాలేదే."

నాకు కోపం వచ్చింది. నేను పంపింది రాలేదంటే అది నన్ను అబద్ధాలకోరు అన్నట్టే. ఒక చేతిలో ఎర్ర పెన్నుతోనే, ఇంకో చేత్తో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కంప్యూటర్ సెంటరుకి తీసుకెళ్ళాను. సర్వర్ గారు సమోసా తింటున్నారు.

"మా సర్క్యులర్ ఈ అమ్మాయికి వెళ్ళిందా లేదా, తేల్చండి."

ఆయన చేతులు తుడుచుకుని ఏదో తెరిచారు, చూశారు, మూసేశారు. "వెళ్ళింది గానీ మేడం గారండీ... మీరు కాసేపు బయట కూర్చుంటే..."

"తెరవండి."

తెరిచారు. చెత్తపెట్టె. పైన కోటి రూపాయల లాటరీ, కింద బరువు తగ్గించే మాత్రలు. మధ్యలో, నా పేరుతో, నా హోదాతో, నా సర్క్యులర్.

"దీనికి బుద్ధుందా? లాటరీకీ నాకూ తేడా తెలియదా?"

"మాటల్ని బట్టి చూస్తుందండీ అది. 'అత్యవసరం, ఆఖరి అవకాశం, తక్షణమే' అని వాళ్ళూ అంటారు, మీరూ అంటారు. అదొక్కటే అయితే వదిలేసేదేమో. మనవాళ్ళు కూడా... మీరు పంపినవాటి మీద బటన్ నొక్కుతూ వచ్చారండీ."

"ఎవరు?"

ఆయన సమోసా వైపు చూశారు. "ఎవరు నొక్కలేదని అడిగితే చెప్పడం తేలికండీ."

మిరప మేడం ఇవేమీ వినడం లేదు. తెర మీద సర్క్యులర్‌ని గడువు దాకా చదివి, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఏడేళ్ళు మేడం" అంది, అంతే. ఈసారి ఖాయం కాకపోతే వేసవి సెలవులతో పని అయిపోయినట్టేనని ఇద్దరికీ తెలుసు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను రూల్సు చెప్పి పంపేదాన్నేమో. బిల్లు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "మీరు గీత గీసేశారుగా" అంది. అందులో నిష్ఠూరం లేదు. వాన వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు నా బుర్రలో నాకు తెలిసిన దారిలోనే ఒక ఆలోచన వచ్చింది. రూల్సు నాకు కంఠతా వచ్చు. సర్క్యులర్ అందిన మనిషికే గడువు. అందనివాళ్ళకి గడువు మొదలే కాదు. "ఇంటికి ఫోన్ చెయ్యి. సర్టిఫికెట్లు ఐదులోపల ఇక్కడ ఉండాలి" అన్నాను.

ఫోన్ చేస్తే కల్లంలో ఉన్న ఆమె మామగారు స్కూటరు వేసుకుని బయల్దేరారు. నాలుగున్నరకి మా ఆఫీసు మెట్ల మీద గోతం సంచితో ప్రత్యక్షమయ్యారు. ఆయన గదిలోకి అడుగుపెట్టగానే గుమాస్తాలంతా తుమ్మడం మొదలెట్టారు. ఎండు మిరపకాయల మధ్య నుంచి సరాసరి వచ్చారాయన.

"సర్టిఫికెట్లన్నావు గానీ ఏయో చెప్పలేదేందమ్మా! బీరువాలో ఉన్నయ్యన్నీ తెచ్చా. చూసుకో" అని సంచి నా బల్ల మీద బోర్లించారు. డిగ్రీ పట్టాలతో పాటు రేషను కార్డు, పొలం పాసు పుస్తకం, గేదె ఇన్సూరెన్సు కాగితం, పిల్లాడి టీకాల కార్డు వచ్చాయి.

"గేదెది ఎందుకు మామయ్యా!" అని మిరప మేడం తల పట్టుకుంది.

"అడుగుతారేమోనని! గవర్నమెంటోళ్ళు ఏది అడుగుతారో మనకేం తెల్సు? ఏవమ్మా పెద్దమ్మా, అంతేగా?" అన్నారు నా వైపు తిరిగి.

నేను తుమ్ముతూనే అంతేనన్నట్టు తలూపాను. (నిజానికి ఆ ఏడాది ఏదో కమిటీ అడిగిన కాగితాల చిట్టా చూస్తే ఆయన మాట తప్పేం కాదు.) కావలసినవి ఏరి, నకళ్ళు తీయించి, వరసన పెట్టి, వాటి మీద ఒక నోటు రాశాను. రుజువు లేకుండా నేను ఏదీ పైకి పంపను కాబట్టి, చెత్తపెట్టె పేజీ అచ్చు తీయించి జతచేశాను. ఫైలు పట్టుకుని నేనే వెళ్ళాను. కింద కారు స్టార్టయి ఉంది.

రిజిస్ట్రార్ గారు నోటు పైకే చదివారు. "'సదరు సర్క్యులర్ విశ్వవిద్యాలయ కంప్యూటరు చేత చెత్తగా నిర్ణయించబడి, చెత్తలోనే ఉండిపోయినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'" కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మీ సర్క్యులర్ చెత్త అని మీరే ధ్రువీకరిస్తున్నారా అమ్మా?"

"అవునండి. సంతకం పెట్టాను. తేదీ వేశాను."

"ఇది వీసీ గారి దాకా వెళ్తుంది. రేపటికి క్యాంటీన్లో కూడా తెలుస్తుంది."

"తెలియనివ్వండి. గీత కింద పేరు రాయమని నేను అడగడం లేదు. ఆ అమ్మాయికి గడువు ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మొదలైంది, ఇంకా అయిపోలేదు. కాబట్టి ఆ పేరు గీతకి పైనే ఉండాలి."

ఆయన జతచేసిన పేజీ ఇంకోసారి చూశారు. పెదవులు బిగబట్టారు గానీ, లాటరీకీ మాత్రలకీ మధ్య నా హోదా కనబడేసరికి ఇక ఆగలేదు. టేబుల్ అదిరేలా నవ్వారు. ఆకుపచ్చ పెన్ను తీసి 'అంగీకరించడమైనది' అని రాసి, ఫైలు చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగారు.

"అమ్మా, ఆ బటన్... నేను కూడా నొక్కాను. మంచినీళ్ళ కుండల సర్క్యులర్‌కి."

"ఒక్కసారేనాండీ?"

"కుండల గురించి మీరు మూడుసార్లు పంపారు కదా" అని మెట్లు దిగిపోయారు.

మిరప మేడం ఉద్యోగం ఆ ఏడే ఖాయమైంది. క్యాంటీన్లో నా గురించి ఏమనుకున్నారో నేను విచారించలేదు. (విచారించాను. 'గడియారం లాటరీ' అన్నారట.) ఆ తర్వాత నా సర్క్యులర్లు 'దయచేసి' అని మొదలయ్యేవి. "మేడం మెత్తబడ్డారు" అనుకున్నారంతా. మెత్తబడటం కాదు, ఆ జల్లెడ దాటడానికి అదొక్కటే దారి. అయితే ఒకటి ఒప్పుకోవాలి, దయచేసి అని రాయడం మొదలెట్టాక జవాబులు గడువుకి ముందే వచ్చేవి.

రిటైరై ఇన్నేళ్ళయినా రోజూ పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని మెయిల్ తెరుస్తాను. అందరిలా కాదు, ముందు చెత్తపెట్టె తెరుస్తాను. ఎవరైనా పొరపాటున అందులో పడ్డారేమోనని ఒక్కొక్కటీ చూస్తాను. ఆ సైన్యాధికారి భార్య ఇంకా రాస్తూనే ఉంది. పాపం, అప్పటినుంచి ఆ సొమ్ము పుచ్చుకునే నాథుడు దొరకలేదు. మొన్న ఆవిడ కింద ఇంకొకటి కనిపించింది. 'అత్యవసరం! ఇదే ఆఖరి అవకాశం! తక్షణమే స్పందించండి! స్పందించనివారు తమ హక్కును శాశ్వతంగా కోల్పోవుదురు!' నిజానికి చెత్తేననుకుని దాటిపోయేదాన్నే. ఎక్కడో విన్న గొంతులా ఉందే అని ఆగి తెరిచాను.

మిరప మేడం. ఇప్పుడు పెద్ద ప్రొఫెసరు. తన దగ్గర పరిశోధన చేసిన మొదటి విద్యార్థినికి డాక్టరేటు వస్తోందట, ఆదివారం ప్రత్తిపాడులో భోజనాలట. 'మామయ్య మిమ్మల్ని రమ్మంటున్నాడు, గేదె ఇన్సూరెన్సు కాగితం మీ దగ్గరే ఉండిపోయిందంటాడు' అని రాసింది. వెళ్ళాలి, ఆ కాగితం సంగతి తేల్చాలి. నా దగ్గర ఏ కాగితమూ ఉండిపోదు.

కళ్ళజోడు సర్దుకుని 'ఇది చెత్త కాదు' అనే బటన్ వెతికి నొక్కాను. మెయిల్ పైకి లేచి మంచివాటిలో చేరింది. ఆవేళ ఎర్ర పెన్ను చేత్తో పట్టుకుని, స్టూలు మీద కూర్చున్న ఆ అమ్మాయిని చూస్తూ నిలబడ్డ ఆ గడియారం మేడం గుర్తొచ్చింది. దగ్గరుంటే ఆవిడ మీద కూడా ఆ బటన్ ఒకసారి నొక్కి, మంచివాటిలోకి చేర్చేదాన్ని.