కాటా రోజు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి నేనింకా చీరైనా మార్చుకోకముందే, మా అమ్మాయి ఫోను పట్టుకుని పక్కన కూర్చుని, మనవరాలి బడివాళ్ళు టర్ము ముగిసిందని పంపిన కబుర్లు చదివి వినిపించింది. ఆటల్లో ఎవరు గెలిచారో, సైన్సు ప్రదర్శనలో ఎవరికి బహుమతి వచ్చిందో, సెలవులు ఎప్పటిదాకానో అన్నీ అయ్యాక, చివర పిల్లల క్షేమం గురించి పెద్ద భాగమే ఉంది. పిల్లలు నిద్ర సరిగా పోతున్నారా, మనసులో దిగులేమైనా పెట్టుకున్నారా, పెట్టుకుంటే చెప్పుకోవడానికి బడిలో ఒక ప్రత్యేకమైన టీచరు ఉన్నారు, ఆవిడ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది అని. గుడివాడలో ఇంత ఏర్పాటా అని మా అమ్మాయి మురిసిపోయింది. నేనూ సంతోషించాను గాని, మా కాలంలో పిల్లల క్షేమాన్ని బియ్యం కాటా మీద తూచేవాళ్ళు అని చెబితే మాత్రం నమ్మలేదు, ముసలావిడ వేళాకోళమాడుతోందనుకుంది.

నా ఈడువాళ్ళు నమ్ముతారు. యాభైల చివర్లో నేను బందరులో మిషను ఆడపిల్లల హైస్కూల్లో, హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా నాన్న పెదపారుపూడి దగ్గర పల్లెలో కౌలుకు వ్యవసాయం చేసేవాడు, ఆదివారాలు గుళ్ళో పాట ఎత్తుకునేవాడు, ఆడపిల్లకు చదువెందుకని అడిగినవాళ్ళను చూసి నవ్వేసేవాడు. మా హాస్టల్లో ఒక ఆచారం ఉండేది, కొత్తగా చేరిన ప్రతి చిన్నపిల్లకూ పెద్ద క్లాసు పిల్లనొకదాన్ని అక్కగా ఇచ్చేవాళ్ళు, ఆ అక్క చెల్లెలికి జడలు వేయాలి, పేలు చూడాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి. నాకు వచ్చిన చెల్లెలు మంగినపూడి అవతల, ఉప్పునేలలు దాటి నడిచి వెళ్ళాల్సిన సముద్రంలో చేపలు పట్టే పల్లెకారుల పాలెం పిల్ల. వాళ్ళది హిందువుల కుటుంబం, వాళ్ళ పాలెంలో హైస్కూలు గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఇదే. లెక్కలు ఎంత బాగా చేసేదంటే, అక్కనైన నేనే నా లెక్కలు దాని దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని, బయటికి మాత్రం నేనే నేర్పుతున్నట్టు ముఖం పెట్టేదాన్ని.

ఇక కాటా సంగతి. టర్ము మొదటి రోజున, ఆఖరి రోజున హాస్టలు పిల్లలందరినీ భోజనాల వసారాలో వరసగా కూర్చోబెట్టి, బియ్యం బస్తాలు తూచే కాటాను దూలానికి వేలాడదీసి, ఒక సిబ్బిలో పిల్లను కూర్చోబెట్టి రెండో సిబ్బిలో తూనికరాళ్ళు వేసేవారు. ఇన్ని మణుగులు, ఇన్ని వీశెలు అని మేట్రనమ్మ గట్టిగా అరిచి చెప్పేది. బరువు పెరిగిన పిల్లకు అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం, బాగా పెరిగినదాన్ని ఆ తర్వాత ఏడాది పొడుగునా ఏడిపించేవాళ్ళం. అది అయ్యాక హెడ్మిస్ట్రెస్ గారు లేచి టర్ము వార్తలు చదివేవారు, ఎవరు ఫస్టు వచ్చారు, త్రోబాల్ ఆటలో ఎవరి మీద గెలిచాం, బావి పూడిక తీయించిన సంగతి, ఇలాంటివన్నీ.

ఇదంతా ఇప్పుడు నవ్వులాటగా ఉంది గాని, దాని వెనక భయం ఉంది. క్షయ అంటే అప్పట్లో ఇళ్ళకు ఇళ్ళు ఖాళీ అయ్యే జబ్బు, ఒక పిల్లకు వస్తే హాస్టలంతా అంటుకుంటుందని బెదురు. అందుకని వరసగా రెండు టర్ములు బరువు తగ్గిన పిల్లను ఇంటికి పంపేసేవారు, ఒళ్ళు చేశాక రావచ్చు అనేవారు. మా పల్లెల నుంచి వచ్చిన పిల్లల్లో అలా వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. ఇంటికి చేరిన పిల్లకు ఇంటి పనులు ఎదురుగా ఉంటాయి, పెళ్ళి సంబంధాలు ఉంటాయి, చదువు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోతుంది. నా చెల్లెలు మొదటి టర్ములో తగ్గింది. క్రిస్మస్ సెలవులకు ముందు కాటా రోజు దగ్గరపడుతుంటే, దాని మెడ ఎముకలు చూసి నాకు గుండెల్లో రాయి పడింది.

డాక్టరమ్మ చూసి జబ్బేమీ లేదంది. మేట్రనమ్మ చేపనూనె పోయించింది, పొద్దున్నే గుడ్డు పెట్టించింది. పెద్దపిల్లలం వడ్డన చేసి ఆఖర్న తినేవాళ్ళం కాబట్టి నాకు దాని కంచం ఖాళీగానే కనిపించేది, ఆ కంచం ఖాళీ చేస్తున్నది అటూ ఇటూ కూర్చున్న పిల్లలని తెలిసేసరికి టర్ము అయిపోవచ్చింది. ఎందుకు తినవే అంటే కడుపునొప్పి అనేది, ఇంకా గుచ్చి అడిగితే లెక్కల పుస్తకం తెరుచుకుని కూర్చునేది.

కాటా రోజున పిల్లను తీసుకెళ్ళడానికి వాళ్ళ నాయనమ్మ వచ్చింది. నల్లగా, ఎండు కట్టెలా ఉండే మనిషి, పిల్లను పక్కకు తీసుకెళ్ళి ఏదో మాట్లాడి మళ్ళీ వరసలో కూర్చోబెట్టింది. చెల్లెలి వంతు వచ్చింది. అది సిబ్బిలో కూర్చోగానే కాటా ఠక్కున దిగిపోయింది. మేట్రనమ్మ ఒక రాయి వేసింది, ఇంకోటి వేసింది, ముఖం విప్పారింది, చేపనూనె మహిమ అనుకుంది కాబోలు. ఇంతలో ఆ పిల్ల కదిలింది, లంగా కింద ఎక్కడో గలగలమంది, ఒక సీసపు గుండు జారి రాతినేల మీద దొర్లుకుంటూ పోయి హెడ్మిస్ట్రెస్ గారి కాలి దగ్గర ఆగింది. వల నీళ్ళలో మునగడానికి అంచున కడతారే, ఆ గుండు. మనవరాలి చదువు పోతుందని ఆ ముసలావిడ ఇంట్లో వలకున్న గుండ్లన్నీ విప్పి మూటగట్టి పిల్ల నడుముకు కట్టింది.

హెడ్మిస్ట్రెస్ గారంటే మాకు ఎంత హడలో చెప్పలేను. పెళ్ళి చేసుకోలేదు, ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర, గొంతు పెంచి మాట్లాడగా మేమెవ్వరం వినలేదు, అయినా ఆవిడ వసారాలోకి వస్తే కాకులు కూడా అరవడం మానేస్తాయని అనుకునేవాళ్ళం. ఆవిడ వంగి ఆ గుండును తీసుకుని, కాసేపు చూసి, గుప్పెట్లో పెట్టుకున్నారు. ఈ పిల్లను ఇవాళ తూచడం లేదు, తర్వాతి పిల్లను పిలవండి అన్నారు. అంతే. తర్వాత టర్ము వార్తలు మామూలుగానే చదివారు, ఒక చేతిలో కాగితం, రెండో చెయ్యి గుప్పెట మూసే ఉంది.

అందరూ వెళ్ళాక ముసలావిడనీ పిల్లనీ తన గదికి పిలిచారు, మేట్రనమ్మనూ, అక్కను కాబట్టి నన్నూ పిలిచారు. ముసలావిడ గుమ్మం దగ్గరే నిలబడింది. హెడ్మిస్ట్రెస్ గారు గుండు సంగతి ఎత్తనే లేదు.

"కూర్చోండి అవ్వా. పిల్ల అన్నం ఎందుకు తినడం లేదో మీకు తెలుసా?"

"తెలుసండి అమ్మగారూ. ఏటకెళ్ళినోళ్ళు ఒడ్డుకి సేరేదాకా మా ఇంట్లో ఆడోళ్ళం ముద్ద ముట్టమండి. మా అత్తా అంతే, నేనూ అంతే. ఇది పుట్టినకాణ్ణించీ అదే సూసింది. ఈడ గంట కొడితే తినాలంట. అయ్య ఒడ్డుకొచ్చాడో లేదో దీనికెట్టా తెలుస్తదండి?"

మేట్రనమ్మ, ఇదంతా మూఢత్వం అని ఏదో అనబోయింది. హెడ్మిస్ట్రెస్ గారు చెయ్యి ఎత్తి ఆపారు. మీ అబ్బాయి రేపు ఒడ్డుకు ఎప్పుడు వస్తాడు అని అడిగారు. గాలిని బట్టండి అంది ముసలావిడ. అయితే రేపు నేను వస్తాను అన్నారు.

కుప్పనూర్పిళ్ళ రోజులు కావడంతో మా నాన్న నా కోసం రెండు రోజులు ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు, అలా నేను కూడా ఆ ప్రయాణంలో కలిశాను. పొద్దున్నే జట్కాలో మంగినపూడి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కాలినడకన పాలెం చేరాం. వాళ్ళింట్లో మా కోసం అన్నం వండి, చేపల పులుసు పెట్టి, కొత్త చాప పరిచారు. పులుసు వాసనకు నా ప్రాణం లేచి వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు చాప మీద కూర్చుని, మరి మీరు తిన్నారా అని ఆ ఇంటి ఆడవాళ్ళను అడిగారు. ఇంకా పడవ రాలేదండి అన్నారు వాళ్ళు. అయితే నేనూ మీతోపాటే తింటాను అన్నారు ఆవిడ. నా వైపు తిరిగి, నువ్వు చిన్నదానివి, తినమ్మా అన్నారు. ఆవిడ తినకుండా నేనెలా తింటాను? నా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా వద్దండి అన్నాను, ఇప్పటికీ నేను చెప్పిన అబద్ధాల్లో అంత కష్టమైనది ఇంకొకటి లేదు.

ఆ రోజంతా మేం ఒడ్డునే కూర్చున్నాం. నేను పొలాల మధ్య పుట్టినదాన్ని, మనిషి పనికి వెళ్తే గట్టు మీద నిలబడి కేకేస్తే పలుకుతాడు. ఇక్కడ మగవాళ్ళు పనికి వెళ్తే ఎదురుగా నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఆడవాళ్ళు ఎండుచేపలు తిరగేస్తారు, వలలు అల్లుతారు, మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు కూడా, కాని ప్రతి మాటకూ మధ్య ఒకసారి అటు చూస్తారు. ఆ చూపు నేను మరెక్కడా చూడలేదు. మా చెల్లెలు భోజనాల గంట విని కంచం ముందు కూర్చున్నప్పుడల్లా దాని లోపల ఈ చూపే ఉండి ఉంటుందని నాకప్పుడు అర్థమైంది. మా హెడ్మిస్ట్రెస్ గారు గంజిచీర నలిగిపోయి, పెదవులు ఎండిపోయి, ఆ ఆడవాళ్ళ మధ్య వాళ్ళలాగే కూర్చుని సముద్రం కేసి చూస్తున్నారు. ఒక్క నీతివాక్యమైనా చెప్పలేదు.

పడవలు ఒకటొకటిగా వచ్చాయి. ప్రతి పడవకూ ఒక ఇంటి ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. మా చెల్లెలి నాన్న పడవ అన్నిటికన్నా ఆఖర్న, పొద్దు వాలుతుండగా వచ్చింది. అప్పటికి ఒడ్డున మేమే మిగిలాం. అలల మీద ఆ పడవ లేచి పడుతుంటే హెడ్మిస్ట్రెస్ గారు లేచి నిలబడ్డారు, తనకు తెలియకుండానే నీళ్ళలోకి నడిచారు, చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి.

ఆయన ఒడ్డుకు దిగి, బడి అమ్మగారు అక్కడ ఉండడం చూసి, పిల్లకేమో అయిందని నిలువునా నీరయ్యాడు. ముసలావిడ సంగతంతా చెప్పి, చివర అంది.

"అమ్మగారు కూడా పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదురా, నీ కోసం."

ఆయన ఇసకలో కూర్చున్నాడు. కూతుర్ని దగ్గరకు పిలిచాడు.

"నేను పడవ మీద సద్దిమూట ఇప్పుకుని కడుపునిండా తింటానే అమ్మా. నువ్వేమో ఆడ పస్తుండి సిక్కిపోతన్నావా? ఇయ్యాల్టినించీ ఆడ గంట కొట్టినప్పుడు నువ్వు తిను. నువ్వు తిన్నావనుకుంటేనే నాకు ముద్ద దిగుద్ది. లేకపోతే నేనూ మూట ఇప్పను."

అది ఏడుస్తూ తల ఊపింది. హెడ్మిస్ట్రెస్ గారు, మీ నాన్న మాట విన్నావుగా అని మాత్రం అన్నారు. తర్వాత అందరం కలిసి కూర్చుని తిన్నాం. చల్లారిపోయిన ఆ పులుసు రుచి ఇన్నేళ్ళ వంటల్లో నాకు మళ్ళీ దొరకలేదు.

సెలవుల తర్వాత చెల్లెలు తిరిగి వచ్చింది. గంట కొట్టగానే కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక్క క్షణం ఆగేది, తర్వాత శుభ్రంగా తినేది. కాటా ఎక్కింది, పెరిగింది, చప్పట్లు కొట్టించుకుంది. బరువులు అందరి ముందూ అరిచి చెప్పడం మాత్రం ఆ టర్ము తర్వాత ఆపించేశారు. మరో మార్పు కూడా వచ్చింది. బడి తెరిచిన రోజు నుంచి హెడ్మిస్ట్రెస్ గారు రోజూ రాత్రి భోజనాల వేళకు వసారాకు వచ్చి, వరసల మధ్య తిరిగి, ఆఖరి పిల్ల చెయ్యి కడుక్కునేదాకా ఉండేవారు. మేం పెద్దయ్యాక ఎన్నోసార్లు ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాం.

చెల్లెలు చదువు పూర్తి చేసి బందరులోనే లెక్కల టీచరైంది. హెడ్మిస్ట్రెస్ గారు రిటైరయ్యి ఒంటిగదిలో ఉంటున్నారని తెలిసి, ఒకసారి ఇద్దరం కలిసి చూడడానికి వెళ్ళాం. మనిషి బాగా సన్నబడ్డారు. గుమ్మంలో మమ్మల్ని చూడగానే ఆవిడ అడిగిన మొదటి మాట, తిన్నారా అమ్మా అని. నేను తిన్నామండి అన్నాను. చెల్లెలు మాత్రం ఆవిడ చేతులు పట్టుకుని, మీరు తిన్నారా అమ్మగారూ అంది. ఆవిడ జవాబు చెప్పబోయి ముఖం పక్కకు తిప్పుకున్నారు. అన్నేళ్ళు అంతమంది పిల్లలు తినేదాకా నిలబడిన మనిషిని ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ ఎవ్వరూ లేరని నాకప్పుడు తట్టింది.

ఈ రోజుల్లో పిల్లలకు అన్నం లోటు లేదు, క్షయ భయం లేదు, దిగులు వినడానికి టీచర్లున్నారు. అంతా మంచికే, దేవునికి స్తోత్రం. మా ఇంట్లోనూ ఎవరికి ఆకలైనప్పుడు వాళ్ళు వడ్డించుకుంటారు, మాత్రలు వేసుకోవాలి కాబట్టి నేనే అందరికన్నా ముందు తినేస్తాను. ఒకరి కోసం ఒకరు ఆకలితో కూర్చోవాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. కాని ఆ సముద్రం ఒడ్డున, పరాయివాళ్ళ ఇంటి మనిషి కోసం పొద్దువాలేదాకా తినకుండా కూర్చున్న ఆ తెల్లచీర మనిషిని తలుచుకుంటే, అలా కూర్చోగలిగినవాళ్ళ దగ్గర నేను చదువుకున్నానా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.