తలకిందులుగా కనిపించిన ఎర్రచీర

ఎమ్మిగనూరు దగ్గర కాలువ సర్వే క్యాంపులో ఆ రోజు ఉన్నది నేను, కొలత గొలుసు పట్టే ఖాసిం, కోణాలు కొలిచే థియోడలైట్, ఐదేళ్ల మేనకోడలు గౌరి, ఆమె సంచి. కాన్పుకు ఆదోని ఆసుపత్రిలో చేరుతూ అక్క పాపను నాకు అప్పగించింది. నేను రొట్టెలు, నీళ్లు, మందులు సర్దిన సంచిలో తను కట్టి విడిచిన ఎర్రచీర కుక్కింది.

“బరువక్కా!” అన్నాను.

“ఉండనీరా. అమ్మ వాసన లేకుంటే అది పండుకోదు.”

మధ్యాహ్నం పాపా లేదు, సంచీ లేదు.

“గుట్టంతా అరిసినా సారూ, పలకల్యా,” అన్నాడు ఖాసిం.

అక్కకు ఏం చెప్పాలి? థియోడలైట్ దుర్బిణిని గుట్టవైపు తిప్పాను. అందులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. కింద ఆకాశం, పైన బండలు, వాటికి వేలాడుతున్నట్టు ఎర్రచీర. దాని నీడలో గౌరి నిమ్మళంగా రొట్టె తింటోంది. అంత అద్భుతం ఆ అద్దం నాకు మళ్లీ చూపలేదు.

దూరం రెండు ఫర్లాంగులు.