రెండు మంచాల నడుమ పడుగు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమెను చూడ్డానికే హిందూపురంలో పెనుకొండ బస్సెక్కి కూర్చున్నాను. వృద్ధాశ్రమం మేనేజరు, "అన్నం తిని పడుకున్నారు మేడం, మళ్లీ లేవలేదు" అన్నాడు. ఒళ్లో ఆమె కోసం ఉడకబెట్టిన చెనిక్కాయలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. దిగి ఇంటికి పోయి ఏడవాలనిపించింది. కానీ ఎటు చూసినా పోవాల్సింది ముందుకే కదా, టికెట్టు తీసుకున్నాను.

మా అత్త ధర్మవరంలో పడుగు అతికే పని చేసేది. పట్టుచీరలు నేసే మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాన్ని మొత్తం తీసెయ్యరు, కొంచెం తోక మిగులుస్తారు. ఆ తోకలోని ఒక్కో పోగుకు కొత్త పడుగులోని ఒక్కో పోగును, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతారు. పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంట వస్తుంది. ఇద్దరు ఆడవాళ్లు చెరో అంచున మొదలుపెట్టి నడిమికి వచ్చి కలుసుకుంటారు. సగంలో లేచిపోతే అత్తకు ఒళ్లు మండేది. "మొదలుపెట్టినాక ఎవురో ఒకరు ముగించాల. పోగులు ఊగులాడతాంటే ఆ ఇల్లు నిద్రపోదు" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు భయపడి నేను మగ్గం ఉన్న గదిలో పడుకునేదాన్ని కాదు.

మామ చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. మోకాళ్లు పని చెయ్యకుండా పోయినప్పుడు మా ఇంటికి రమ్మన్నాను. "నీ ఇంట్లో నేను చుట్టాన్నే గదా పాపా. ఆశ్రమంలో దుడ్లిచ్చి ఉంటే అది నా ఇల్లే" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. ధర్మవరంలోని చిన్న ఇంటిని, మామ మగ్గాన్ని కలిపే అమ్మేసింది.

ఆశ్రమంలో చేరే రోజు మేనేజరు ఎదురుగా కూర్చుంది. ఆమె నమ్మకం ఒకటుంది: ఏ ధర అడిగినా ముందు సగమే చెప్తారు, "ఇంకేం" అని అడిగితేనే మిగిలింది బయటపెడతారు. మేనేజరు అబ్బాయి అడ్వాన్సు ఇంత, నెలకు ఇంత అని చెప్పి చేతులు కట్టుకున్నాడు.

"ఇంకేమప్పా?"

మందులు వేరే అన్నాడు.

"ఇంకేం?"

ఆస్పత్రికి పోతే బండి వేరే, తోడు మనిషి వేరే. మంచం పడితే ఆయాకు నెలకు అదనం. ఏడాదికోసారి రేటు పెరుగుతుంది. నేను ఒక్కొక్కటీ వేళ్ల మీద కూడుకుంటున్నాను, ఆమె మాత్రం గాజులు కొంటున్నంత తీరిగ్గా తల ఊపుతోంది.

"పోయినాక?"

అబ్బాయి నా వైపు చూశాడు. మెల్లగా, "మిగిలిన అడ్వాన్సు మీవాళ్లకిచ్చేస్తాం అమ్మా. ఆ నెల కట్టింది మాత్రం వెనక్కి రాదు" అన్నాడు.

"అంటే నేను పోయినా నెలాఖరు దంకా మంచం నాదే."

"మీదేనమ్మా."

"మంచిది" అని నవ్వింది అత్త. ఆ అబ్బాయి నవ్వలేకపోయాడు.

ఆమెకు చావంటే భయం లేదు. ఉన్న భయమల్లా ఒకటే: "దుడ్లు ముందయిపోతాయా, నేను ముందయిపోతానా?" నడక ఆగిపోయి ఆయాను పెట్టాక బ్యాంకులోది మంచులా కరిగింది. నేనిస్తానంటే మాట తప్పించేది. "నా పడుగు ఎంత పొడుగో నాకు తెలుసు" అనేది.

ఎదురు మంచంలో మడకశిర దగ్గరి నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. మాట పడిపోయింది. మగ్గం ముఖమే ఎరగని మనిషి. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఇద్దరూ మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని, ఖాళీ గాల్లో వేళ్లు మెలిపెడుతున్నారు. అత్త పక్కన చిన్న డబ్బాలో బూడిద. ఇద్దరి వేళ్లూ ఒక్కసారే కదిలి ఒక్కసారే ఆగుతున్నాయి. ఫ్యాను తిరగడం లేదు, బయట ఎండ మండిపోతోంది.

మంచాల మధ్యకు అడుగు వేశాను.

"వంగి రావే పాపా. తెగుతాయి" అంది అత్త.

నవ్వొచ్చింది, అయినా వంగాను. బుగ్గకు సాలెగూడు లాంటిది తగిలింది. తుడుచుకుంటే చేతికి ఏమీ రాలేదు. ముసలామెకు ఈ పని ఎవరు నేర్పారని అడిగితే, "నేర్పేదేముండాది, ఆయమ్మే చెయ్యి చాపింది" అంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, వచ్చేసే ముందు ఒకటే చెప్పేది: "నడిమికి వస్తాండాము."

అత్తను ధర్మవరం తీసుకుపోయి దహనం చేశాం. ఆ బూడిద డబ్బాను కూడా ఆమెతోనే పంపించాను. అంతా అయ్యాక లెక్క తేల్చుకోవడానికి పెనుకొండ వెళ్లాను. బ్యాంకులో ఏమీ మిగల్లేదు, ఆ నెల కట్టిన డబ్బుతో సరిగ్గా అయిపోయింది. అడ్వాన్సు ఒక్కటే ఉంది.

మేనేజరు లెక్కల పుస్తకం మూశాడు. "ఎదురు మంచం అవ్వకు వాళ్లవాళ్లు దుడ్లు కట్టడం మానేశారు మేడం. మా ఓనరు పంపించెయ్యమంటాండాడు. మీ అత్తకు ఆ సంగతి తెలిసి, తన అడ్వాన్సు ఆ అవ్వకు జమ చెయ్యమని చెప్పింది. రాతకోతలేం లేవు, మీరు ఒప్పుకుంటేనే."

నిజం చెప్తున్నాను, నాకు మండింది. ఆమె బతికుండగా నా డబ్బు ముట్టలేదు, తన డబ్బేమో ఊరూ పేరూ తెలియని మనిషికి.

"ఎందుకని అడిగితే ఇంకో మాట కూడా చెప్పింది మేడం, నాకైతే అర్థం కాలా. పాతది కొంచెం మిగిలితేనే అబ్బీ, కొత్తది దాని వెంట వచ్చేది, అనింది."

నాకు అర్థమైంది. కుర్చీలో కూర్చునే చాలాసేపు ఏడ్చాను. ఆ అవ్వకే ఇమ్మని చెప్పి, అత్త పెట్టె తీసుకోవడానికి గదిలోకి వెళ్లాను.

ముసలామె తన మంచం మీద కూర్చుని పోగులు మెలిపెడుతోంది. ఒక్కో పోగు అతికాక ఆగి, ఖాళీ మంచం వైపు చూస్తోంది. అవతలి మనిషి తన పోగు ముగించే దాకా ఆగినట్టు ఆగి, తల ఊపి, మళ్లీ మొదలుపెడుతోంది. నేను ఎవరూ చెప్పకుండానే వంగి, మంచాల మధ్య నుంచి నడిచాను.

అత్త మంచం మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి ఉంది. పొద్దున్నే మార్చానని ఆయా చెప్పింది. మంచం అంచున, ఆమె కూర్చునే చోట, వేళ్లు తుడిచినట్టు రెండు బూడిద గీతలు. ఒకటి బొటనవేలిది, ఒకటి చూపుడువేలిది. నేను వాటిని ముట్టుకోలేదు. నెలాఖరు ఇంకా రాలేదు.