షోటోకానా, గోజు ర్యూనా?

ఈ సాయంత్రం కిక్కిరిసిన ప్రత్తిపాడు బస్సులో నేనూ మా కిరణ్‌గాడూ ఘోరంగా వాదించుకుంటున్నాం. ఆపదలో పనికొచ్చే కరాటే ఏది? దూరం నుంచి తన్నే వాడి షోటోకానా, దగ్గరగా పోరాడే నా గోజు ర్యూనా? ఇద్దరమూ బ్రౌన్ బెల్టులం, గమనించగలరు.

ఇంతలో ఒకడు రద్దీని సాకుగా చేసుకుని, పక్కనే నిలబడ్డ మా చెల్లి లావణ్య మీదికి పదేపదే ఒరగసాగాడు. షోటోకాన్‌కి కాలు లేపే చోటు లేదు. గోజు ర్యూ రెండు చేతుల్లోనూ సంచులున్నాయి.

"ఏందయ్యో! సరిగ్గా నిలబడటం రాదా? జరుగు అవతలికి!"

లావణ్య అరుపుకి డ్రైవర్ బ్రేకు వేశాడు. బస్సంతా వాడివైపు తిరిగింది. వాడు ఊరు రాకముందే దిగిపోయాడు.

"ఇది ఏ స్టైలే?" అన్నాను వినయంగా.

"దీన్ని గొంతంటారు అన్నయ్యా. మీరు కానివ్వండి, ఇంకా తేలలేదుగా!"

గొంతుకి ఏ రంగు బెల్టు ఇస్తారో తెలిసినవారు చెప్పగలరు.