పొలిమేర లేని ఊరు

మొన్న తెల్లాపూర్‌లో మా గేటు ముందు నిలబడి చూస్తే, ఫోనులోని పటం నన్ను చెరువు నడిమధ్య చూపించింది. చొక్కా తడవలేదు కనుక నమ్మలేదు గానీ, ఒకప్పుడు నేనూ ఇలాంటి పటాలు గీసినవాణ్ణేనని గుర్తొచ్చి, తప్పెవరిదని అడగకుండా ఊరుకున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్ బండల నడుమ అద్దాల మేడలు ఒకటీ అరా లేస్తున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. శేరిలింగంపల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ నేను చేరిన కంపెనీలో అమెరికా పల్లెల కాగితం పటాలను తెర మీద పెట్టి మౌసుతో మళ్లీ గీయాలి. అక్కడి అంబులెన్సులు వాటిని చూసే దారి పట్టుకుంటాయని మొదటి రోజే చెప్పారు. ఉద్యోగం ఇప్పించినవాడు అక్కడే పనిచేస్తున్న మా మేనబావ. ఏసీ కంప్యూటర్ల కోసం పెట్టారు, చలి మాత్రం మాకు పెట్టేది.

ఒకరోజు ఎటు చూసినా గడ్డి మైదానమే ఉన్న పటంలో ఒక చుక్క, పక్కన ఒక పేరు కనిపించాయి. మిగతా ఊళ్లన్నిటికీ చుట్టూ గీత ఉంది, దీనికి లేదు. మా వైపు ఊరన్నాక చుట్టూ పొలిమేర, నడుమ బొడ్రాయి ఉండాలి కదా, పొలిమేరే లేనిది ఊరెట్లా అవుతుంది, ఇదేదో సిరా మరక, ఆ పేరు ఏ పొలం ఆసామిదో అయివుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని చెరిపేశాను. సాయంత్రానికి సీడీ కొరియర్లో వెళ్లిపోయింది.

మర్నాడు శుక్రవారం, టిఫిను డబ్బాలు విప్పుతూ, అమెరికాలో ఒక ఊరిని ఒంటిచేత్తో రద్దు చేశానని గొప్పలు పోయాను. బావ నవ్వలేదు. ఆ దేశంలో పంచాయతీ, హద్దు ఏమీ లేకుండా నాలుగిళ్లతో బతికే ఊళ్లు చాలా ఉంటాయని చెప్పి, కిటికీలోంచి కిందికి చూపించాడు.

“గా మేస్త్రీల గుడిసెలకు బొడ్రాయి ఉన్నదా? మరి మనుషులు లేరా ఏంది? రేపు ఆడ ఎవరికన్న గుండెనొప్పొస్తే బండి ఏడికి పోవాలె?”

ఆ గడ్డిలో ఒక ముసలామె గుండె పట్టుకుని కూర్చున్నట్టే కనబడసాగింది. నేను దగ్గరగా చూసిన ముసలామె మా నానమ్మ ఒక్కతే కనుక ఈ అమెరికా ముసలామె కూడా గోచీ చీరతోనే ఉంది. దాన్ని తలచుకుని నవ్వుదామనుకున్నాను గానీ, తినకుండానే డబ్బా మూసేసి లేచాను.

మా సూపర్వైజరు కోస్తా ఆయన. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని నేను వెళ్లి ఉన్నదంతా చెబితే, ఆయన “చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ” అన్నారు.

“అక్కడుండేవాళ్లకు తెలుస్తుంది సార్” అన్నాను.

ఆఫీసు మొత్తానికీ ఉన్న ఒక్క ఈమెయిలు నుంచి దిద్దుబాటు పంపారు. శని, ఆదివారాలు అక్కడ సెలవు. ఆ రెండు రోజులూ నేనొక్క జోకు కూడా వేయకపోయేసరికి, ఇంట్లో అమ్మ నన్ను దవాఖానకు తీసుకుపోతానంది. సోమవారం పోయి మంగళవారం పొద్దున జవాబొచ్చింది: చుక్క పెట్టాం, ధన్యవాదాలు. అక్కడ ఎందరున్నారో, అందరూ క్షేమమేనో, ఎవరూ రాయలేదు. నా ఉద్యోగం ఉంచారు, పర్మనెంటు చేయడం మాత్రం మూడు నెలలు వాయిదా వేశారు.

పటాలు ఇప్పుడు వాటంతటవే తయారవుతున్నాయట. పోయిన నెల మా ఎదురు ఫ్లాటుకు అంబులెన్సు వచ్చింది, నా ఫోనులా చెరువులో దిగకుండా, దారి అడగకుండా నేరుగా వచ్చింది. వచ్చిన సంగతి నాకు మర్నాడు సొసైటీ వాట్సాప్‌లో తెలిసింది. అందులో పేరు చదివి, ఈయనెవరని మా ఆవిడను అడిగాను. ఎనిమిదేళ్లుగా మా ఎదురు తలుపేనట.