సీపీయూకి కట్టిన తాయెత్తు

పట్టపగలు షట్టర్ దబ్బున పడిన చప్పుడు వింటే ఇప్పటికీ నా చెయ్యి షట్టర్ దించే కొక్కెం కర్ర కోసం వెతుకుతుంది. ఆళ్లగడ్డలో నేను కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో ఆ చప్పుడుకు ఒకటే అర్థం. తనిఖీవాళ్లు వస్తున్నారు.

అంతకుముందు, తొంభైలలో, నాది టైపు ఇన్‌స్టిట్యూట్. అప్పట్లో ఈ భయం లేదు. మిషన్లు పాతవే, కానీ నావి. రిబ్బన్ మార్చడం, నూనె వేయడం, ఇరుక్కున్న అక్షరాన్ని సరిచేయడం అన్నీ నేనే చేసేదాన్ని. మూత తీస్తే లోపల ఏం జరుగుతోందో కళ్లకు కనిపించేది. పిల్లలకూ తీసి చూపించేదాన్ని. ‘ఈ మిషన్ నీదేనా, రుజువేది?’ అని అడిగిన మనిషి లేడు.

తరువాత అందరూ కంప్యూటర్, కంప్యూటర్ అన్నారు. టైపుకు పిల్లలు రావడం మానేశారు. మా ఆయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే పనిలో నడుం పోగొట్టుకుని ఇంట్లో పడ్డాక ఇల్లు నా సంపాదన మీదే నడిచేది. మిషన్లు అమ్మేసి, గాజులు తాకట్టు పెట్టి, నంద్యాలలో కంప్యూటర్లు కట్టి ఇచ్చే డీలర్ దగ్గరికి వెళ్లాను.

“లోపల వేసే సిస్టం సాఫ్ట్‌వేర్ ఒరిజినలేనా? దానికి బిల్లు ఇస్తావా?” అని అడిగాను. అడగడం తప్పా?

అతను బెంచీ మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగాడు. “ఇన్నారా అన్నా? ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఒరిజినల్ అడుగుతాంది!” అప్పుడు నా వైపు చూసి, “అక్కా, ఆ దుడ్లతో ఇంగో కంప్యూటరే వస్తాది. పిల్లోళ్లకు ఏబీసీడీలు కొట్టేది నేర్పేదానికి నీకు ఒరిజినల్ యాల?” అన్నాడు.

బెంచీ అంతా నవ్వింది. అందులో ఒకాయన మాకు దూరపు చుట్టం కూడా. ఆ నవ్వు నేను మరచిపోలేదు, మరచిపోయే ఉద్దేశమూ లేదు. డీలర్ ఒకే సీడీ పట్టుకుని నా నాలుగు మిషన్లకూ సిస్టం ఎక్కించాడు. ఆ సీడీతోనే సగం జిల్లాకు ఎక్కించి ఉంటాడు.

కొన్నేళ్లు ఏమీ కాలేదు. తరువాత ఒకరోజు బస్సులో విన్నాను. ఏదో ఊళ్లో తనిఖీవాళ్లు ఒక సెంటర్ మీద పడి, దొంగ సిస్టం వాడుతున్నారని మిషన్లన్నీ వ్యానులో వేసుకుపోయారట. ఓనర్‌ను స్టేషన్లో కూర్చోబెట్టారట. ఆ రోజు నుంచి టక్ చేసుకుని బ్యాగు పట్టుకున్న ప్రతి మనిషీ నాకు తనిఖీవాడే. ఒకసారి అలాంటి ఇద్దరు లోపలికి వచ్చి, “అహోబిలం జీపులు ఎక్కడ ఆగుతాయండీ?” అని అడిగారు. రోజూ చూసే చోటే. నా నోట మాట రాలేదు. చెయ్యి కూడా లేవలేదు. వాళ్లు నేను మూగదాన్ననుకుని వెళ్లిపోయారు.

నేను ఊరుకునే రకం కాదు. నంద్యాల వెళ్లి డీలర్‌ను నిలదీశాను. అతను సొరుగులోంచి, ఒరిజినల్‌కు గుర్తుగా నంబర్ వేసి ఉండే తళతళ మెరిసే స్టిక్కర్లు తీసి ఇచ్చాడు. “ఇవి సీపీయూకి అంటిచ్చుకో. యముడొచ్చినా అడగడు పో.”

అంటించాను. బిడ్డకు దిష్టి తగలకుండా తాయెత్తు కట్టినట్టే అంటించాను. ఆ దసరాకు ఆయుధపూజలో ఒక్కొక్క స్టిక్కర్ పక్కన కుంకుమబొట్టు కూడా పెట్టాను. నెల రోజులు నిద్ర పట్టింది.

పక్క దుకాణంలో జిరాక్స్ తీసే ఆయనను అందరం జిరాక్స్ అన్న అంటాం. ఒకనాడు అక్కడికి వెళితే అతని కంప్యూటర్ మీదా అదే మెరుపు. వంగి నంబర్ చూశాను. వెనక్కి వచ్చి నా నాలుగూ చూశాను. ఒక్కొక్కదానికి వేరే నంబర్ ఉండాల్సింది, చివరి అక్షరం వరకు అన్నిటికీ ఒకటే.

“అక్కా, నీదీ ఇదేనా?” జిరాక్స్ అన్న గొంతు సన్నబడింది. “ఎదురుగ్గా ఫోటో స్టూడియోలో గూడా ఇదే ఉండాది.”

వీధి మొత్తానికి ఒకే తాయెత్తు. ఒకరిని పట్టుకుంటే చాలు, ఆ నంబర్ పట్టుకుని మా అందరి గుమ్మాల్లోకి నడిచి రావచ్చు. కాపాడుతుందని కట్టుకున్నదే మమ్మల్ని చూపించే గుర్తయింది.

అప్పుడే మా వీధిలో ఆ అలవాటు మొదలైంది. బస్టాండు వైపు ఎవరికి అనుమానం వచ్చినా షట్టర్ దించేస్తారు. ఆ చప్పుడు విని పక్కవాడు, అది విని ఆ పక్కవాడు. ఒకసారి క్లాసు మధ్యలో చప్పుడు వచ్చింది. ఆడపిల్లలను లోపలే ఉంచి షట్టర్ లాగేశాను, మెయిన్ ఆపేశాను. ఫ్యాను ఆగిపోయింది. చీకట్లో వాళ్లు కిసకిస నవ్వుతున్నారు. వీధి చివర శిల్పుల ఉలి చప్పుడు తప్ప బయట ఏమీ వినపడటం లేదు. నా చీర వీపుకు అంటుకుపోయింది.

ఎవరో షట్టర్ కొట్టారు. “అక్కా, నేనూ!”

నా పాత టైపు విద్యార్థిని. నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తోంది. లోపలికి వచ్చి చూసి, “ఏందక్కా, ఇందరు పిల్లోళ్లను పెట్టుకోని దాగుడుమూతలాడుతాండావా?” అంది. సంగతి విన్నాక నవ్వలేదు. తరువాతి ఆదివారం ఒక సీడీ తెచ్చింది.

“ఇది లినక్స్ అని ఇంగో సిస్టం. ఊరికే ఇస్తారు, బిల్లు అడిగేటోడే ల్యాడు.”

“ఊరికే ఎవుడిస్తాడే? ఏందో మతలబు ఉంటాది.”

“లోపల ఎట్ల రాసినారో అంతా బయటే పెట్టినారక్కా. నువ్వు మిషను మూత తీసి చూపిచ్చేదానివి గదా, అట్ల. చాతనైతే మార్చుకోవచ్చు. పది మందికి కాపీ చేసియ్యొచ్చు. తప్పు గాదు.”

ఆ ‘తప్పు గాదు’ అన్న మాటకే నేను లొంగాను. సుఖపడ్డానని మాత్రం చెప్పను. ప్రింటర్ పలకలేదు. ఆ అమ్మాయి మళ్లీ వస్తే గానీ దారికి రాలేదు. పెండ్లిపత్రికలు చేసే తెలుగు సాఫ్ట్‌వేర్ అందులో నడవలేదు, ఆ పని అంతా ఫోటో స్టూడియోకు పోయింది. “అందరూ నేర్చేది ఇడిసిపెట్టి ఇంగేందో నేర్పిస్తాందంట” అని ఒక తండ్రి కూతుర్ని మాన్పించాడు. ఆయన పేరు నాకు గుర్తుంది. అయినా నాలుగు మిషన్లలోనూ అదే ఎక్కించాను. స్టిక్కర్లను కిరసనాయిలుతో తుడిచి గీకేశాను. జిగురు మరకలు మాత్రం పోలేదు.

చివరికి వాళ్లు నిజంగానే వచ్చారు. షట్టర్లు వరసగా పడ్డాయి. నా చేయి దానంతటదే కొక్కెం కర్ర మీదికి పోయింది. నేనేం తప్పు చేశానని మూయాలి? కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాను. 

ఇద్దరు మనుషులు, వెనక ఒక కానిస్టేబుల్.

“సిస్టంల బిల్లులు చూపించండి.”

“లేవు.”

“లేవంటే?”

“లినక్స్. ఉచితం.” 

ఒకతను వంగి సీపీయూ పక్కన ఉన్న జిగురు మరక మీద వేలితో రుద్దాడు. “ఇక్కడేదో స్టిక్కర్ పీకినట్టున్నారే?”

గాజులు, ఇల్లు, మంచం మీద మా ఆయన, అన్నీ ఆ వేలి కింద ఉన్నట్టనిపించింది. “ముందు ఉండేది సార్. ఇప్పుడు ల్యా.”

నాలుగు మిషన్లూ ఒక్కొక్కటే తెరిచి చూశారు.  తరువాత లేచి వెళ్లిపోయారు. పోతూ ‘సరే’ అని కూడా అనలేదు. అదీ నాకు గుర్తుంది. పక్కన జిరాక్స్ అన్న చేత షట్టర్ ఎత్తించి అతని కంప్యూటర్ పట్టుకుపోయారు.

కొద్ది వారాలకు నంద్యాల డీలర్ నా గుమ్మంలో నిలబడ్డాడు. అతని దగ్గర కొన్నవాళ్లంతా మిషన్లు తెచ్చి అతని ముందే పడేస్తున్నారట. “అక్కా, ఆ లినక్స్ సీడీ ఒకతూరి ఇస్తే కాపీ చేసుకోని ఇస్తా.”

“నీకు ఒరిజినల్ యాలప్పా?” అన్నాను.

అతను వెర్రిమొహం వేశాడు. గుర్తే లేదు. ఇన్నేళ్లు నేను మోసిన మాట అతనికి గుర్తే లేదు.

ఇవ్వకూడదనుకున్నాను. కానీ ఆ సిస్టం చేసినవాళ్లెవరూ నా ముఖం చూసి నాకు ఇవ్వలేదు. ఇతని ముఖం చూసి కాదనడానికి నాకు నోరు రాలేదు. సీడీ తీస్తుండగా వీధిలో ఎక్కడో షట్టర్ పడింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అతని ముఖం సున్నం కొట్టినట్టయింది. భయపడటానికి నా దగ్గర ఇక ఏమీ లేదని తెలిసి కూడా నా చెయ్యి కొక్కెం కర్ర మీదికే పోయింది. మిట్టమధ్యాహ్నం భోజనానికి ఎవరో మూసుకున్నారంతే.

సీడీ అతని చేతిలో పెట్టాను. కాపీ చేసుకుని తిరిగిస్తానన్నాడు.

ఇంతవరకు ఇవ్వలేదు.